చేతిలో పిక్ లైన్: చిక్కులు తగ్గేదెలా?

పిక్ లైన్ అంటే దండచేతి సిరలోంచి ఛాతీలోకి పంపే సన్నని, మెత్తని గొట్టం. అది లోపలికి వెళ్లేది మోచేతికి పైన, చేతి లోపలి వైపు నుంచి. కొన మాత్రం చేతిలో ఎక్కడా ఆగదు. చంక మీదుగా, కాలర్ ఎముక వెనక నుంచి ఛాతీలోకి దిగి, ఊర్ధ్వ బృహత్సిర గుండె కుడి కర్ణికలో కలిసే చోటికి చేరుతుంది. పెద్దవాళ్లలో ఈ దారి దాదాపు 40 సెంటీమీటర్లు. చర్మం బయట కొద్దిపాటి తోక మాత్రం మిగులుతుంది. దాని చివరి మూతలోంచే మందు, సెలైన్, పోషక ద్రవం లోపలికి వెళతాయి, పరీక్షలకు కావలసిన రక్తం బయటికి వస్తుంది.

మామూలు సెలైన్ సూదికీ దీనికీ ఉన్న అసలు తేడా కొన ఆగే చోటులో ఉంది. ముంజేతి సిరలు సన్నవి, వాటిలో రక్తం నెమ్మదిగా కదులుతుంది. ఘాటైన మందును అక్కడ ఎక్కిస్తే సిర గోడ ఒరుసుకుపోతుంది, చెయ్యి ఎర్రబడి నొప్పి పుడుతుంది. మందు సిర దాటి బయటికి కారితే చుట్టూ ఉన్న కండ చచ్చుబడే ప్రమాదమూ ఉంది. గుండె దగ్గరి బృహత్సిరలో నిమిషానికి దాదాపు 2 లీటర్ల రక్తం పారుతుంది. అక్కడ పడిన మందు పడిన క్షణంలోనే పలచబడిపోతుంది. అందుకే కొన్ని కీమో మందులకు, నోటితో తినలేని రోగికి సిర ద్వారా ఇచ్చే పూర్తి ఆహారానికి, వారాల తరబడి సాగే యాంటీబయాటిక్ చికిత్సకు పిక్ లైన్ అక్కరకొస్తుంది. పదేపదే గుచ్చి గుచ్చి, ఇక సిర దొరకడం లేదని నర్సులు చేతులెత్తేసిన రోగికి కూడా ఇది ఊరట.

చేతి సిరలోంచి గుండె దాకా గొట్టం పంపవచ్చని లోకానికి చూపించినవాడు జర్మనీకి చెందిన యువ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మాన్. 1929లో ఎబర్స్‌వాల్డె ఆసుపత్రిలో, పై అధికారి వద్దన్నా వినకుండా, మూత్రనాళానికి వాడే గొట్టాన్ని తన మోచేతి సిరలోకే ఎక్కించుకున్నాడు. ఆ గొట్టంతోనే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లి ఫోటో తీయించుకున్నాడు. అప్పట్లో దక్కింది చీవాట్లే. నోబెల్ బహుమతిలో వాటా దక్కడానికి 1956 దాకా ఆగవలసి వచ్చింది. మెత్తని సిలికాన్ గొట్టాన్ని చేతి సిర గుండా పంపి రోగికి పోషకాహారం ఎక్కించడం 1975 నాటికి వైద్య పత్రికలకెక్కింది. ఈనాటి పిక్ లైన్‌కు పునాది అదే.

అంతకుముందు వరకూ ఛాతీలోని పెద్ద సిరను చేరడానికి మెడలోనో, కాలర్ ఎముక కిందనో గుచ్చడమే దారి. ఆ దారిలో సూది పక్కకు జరిగితే ఊపిరితిత్తికి చిల్లు పడవచ్చు, పెద్ద ధమని తెగవచ్చు. చేతి దారిలో ఆ భయం లేదు. ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు, శిక్షణ పొందిన నర్సు రోగి మంచం పక్కనే పెట్టేయగలదు. ఈ సులువు చూసి ఆసుపత్రులు పిక్ లైన్‌ను విపరీతంగా వాడడం మొదలుపెట్టాయి. పెట్టడం తేలిక కాబట్టి పెట్టారు గానీ, అవసరమై పెట్టినవి ఎన్ని అని లెక్క చూడడం చాలా ఆలస్యంగా మొదలైంది.

పిక్ లైన్ తెచ్చే చిక్కులు ముఖ్యంగా నాలుగు. సిరలో గొట్టం చుట్టూ రక్తం గడ్డకట్టడం మొదటిది. గొట్టం వెంట సూక్ష్మజీవులు రక్తంలోకి చేరడం రెండోది. గొట్టం లోపల మూసుకుపోయి మందు ఎక్కకపోవడం, రక్తం రాకపోవడం మూడోది. కొన ఉండవలసిన చోట ఉండకుండా మెడ వైపుకో, రెండో చేతి వైపుకో తిరగడం, లేదా గొట్టం బయటికి జారిపోవడం నాలుగోది. వీటికి తోడు టేపు కింద చర్మం ఊడిరావడం, గొట్టం విరగడం వంటివి ఉండనే ఉన్నాయి. అన్నిటిలోకీ ఎక్కువగా కనబడేది మూసుకుపోవడం. అన్నిటిలోకీ ప్రాణం మీదికి తెచ్చేది రక్తంలో ఇన్ఫెక్షన్. గడ్డల విషయంలో పిక్ లైన్‌కు ఒక సహజమైన బలహీనత ఉంది: మెడ దగ్గరి సిరలు లావు, చేతి సిరలు సన్నం. 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమగ్ర విశ్లేషణ ప్రకారం, పెద్ద సిరకు చేరే మిగిలిన గొట్టాలతో (సెంట్రల్ లైన్లతో) పోలిస్తే పిక్ లైన్ ఉన్నవాళ్లలో లోతైన సిరల్లో గడ్డ కట్టే అవకాశం రెండున్నర రెట్లు. ఊపిరితిత్తులకు గడ్డ చేరడం మాత్రం అలా పెరిగినట్టు కనబడలేదు.

ఈ చిక్కుల్లో చాలా భాగం సూది చర్మాన్ని తాకకముందే నిర్ణయమైపోతాయి. ఈ రోగికి పిక్ లైన్ అసలు కావాలా, కావాలంటే ఎంత లావుది, ఎన్ని దారులది, ఏ సిరలో అన్న ప్రశ్నలకు వచ్చే జవాబుల మీదే తరవాత కథంతా ఆధారపడుతుంది. దీన్ని ఒక రాష్ట్రం మొత్తం మీద పరీక్షించి చూసినవాళ్లు అమెరికాలోని మిచిగన్ ఆసుపత్రుల వైద్యులు. మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన వినీత్ చోప్రా నాయకత్వంలో నిపుణుల బృందం 2015లో 'మ్యాజిక్' అనే పొట్టి పేరుతో మార్గదర్శకాలు ప్రచురించింది. ఏ మందుకు, ఎన్నాళ్లకు, ఎలాంటి రోగికి ఏ లైన్ తగినదో వాటిలో విడివిడిగా చెప్పారు. మామూలు సిరలో ఎక్కించదగిన మందే అయి, చికిత్స 5 రోజులు దాటదనుకుంటే పిక్ లైన్ వద్దు. 14 రోజుల లోపు అయితే మిడ్‌లైన్ మేలు. అంతకు మించిన కాలానికి పిక్ లైన్ వైపు మొగ్గవచ్చు. సిరను కాల్చే ఘాటైన మందు అయితే కాలంతో నిమిత్తం లేకుండా కొన పెద్ద సిరలోనే ఉండాలి.

మిడ్‌లైన్ గురించి మన దగ్గర చాలామంది వినలేదు. ఇదీ దండచేతి సిరలోనే పెడతారు గానీ, కొన చంక దగ్గరే ఆగిపోతుంది, ఛాతీలోకి పోదు. పొడవు జానెడు మాత్రం. పది రోజుల యాంటీబయాటిక్‌కు చాలావరకు ఇదే సరిపోతుంది. ఘాటైన కీమోకూ, సిర ద్వారా ఇచ్చే పూర్తి ఆహారానికీ పనికిరాదు.

మార్గదర్శకాలు రాసి అచ్చువేయడంతో ఆసుపత్రుల అలవాట్లు మారవు. మిచిగన్‌లో 52 ఆసుపత్రులు కలిసి మూడే మూడు సంగతుల మీద పట్టుబట్టాయి: ఐదు రోజుల లోపు అవసరానికి పిక్ వద్దు, ఒకే దారి ఉన్న గొట్టంతో పని జరిగితే రెండు, మూడు దారులది వద్దు, మూత్రపిండాల జబ్బు ముదిరినవాళ్లకు వద్దు. పెట్టిన ప్రతి లైన్‌ను నమోదు చేసి, ఏ ఆసుపత్రి ఎక్కడుందో ఒకరికొకరు చూపించుకున్నారు. కొన్నేళ్లలో తగిన రోగికే లైన్ పెట్టిన సందర్భాలు నూటికి 32 నుంచి 49కి పెరిగాయి. చిక్కులు నూటికి దాదాపు 15 నుంచి 11కి తగ్గాయి. ఇంత శ్రద్ధ పెట్టాక కూడా సరైన వాడకం సగానికి చేరలేదంటే, అంతకుముందు పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. కొత్త యంత్రం కొనకుండా, కొత్త మందు కనిపెట్టకుండా వచ్చిన ఫలితం ఇది. ఖరీదైన పరికరం కంటే, 'దీని అవసరం ఉందా?' అని అడిగే అలవాటే ఎక్కువ పని చేసింది.

గొట్టంలో దారులు ఎన్ని అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. వాటిని ల్యూమెన్లు అంటారు. రెండు దారులుంటే రెండు మందులు ఒకేసారి ఎక్కించవచ్చు, మూడుంటే ఇంకా వీలు. ఎందుకైనా మంచిదని రెండు దారులదే రాసేయడం డాక్టర్లకు అలవాటు. దారి పెరిగిన కొద్దీ గొట్టం లావెక్కుతుంది, మూతలు పెరుగుతాయి, వాటిని చేతులు తాకే సార్లు పెరుగుతాయి. వాడని దారిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. గడ్డా, ఇన్ఫెక్షనూ రెండూ దారుల లెక్కతో పాటే పెరుగుతాయి. ఎవరూ ప్రత్యేకంగా కారణం రాయనప్పుడు ఒకే దారి గొట్టమే ఇవ్వడం అనే పద్ధతి పెట్టుకున్న ఆసుపత్రుల్లో వాడకం దానంతటదే మారింది.

మూత్రపిండాల జబ్బున్నవాళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. కిడ్నీలు పూర్తిగా పాడయ్యాక డయాలసిస్ చేయాలంటే, చేతిలోని ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేస్తారు. అది బాగా పనిచేయాలంటే చేతి సిరలు దెబ్బతినకుండా ఉండాలి. పిక్ లైన్ పెట్టిన సిర లోపల సన్నబడిపోవచ్చు, మూసుకుపోవచ్చు. అప్పుడు ఆ చేతిలో ఫిస్టులా కుదరదు. వారం రోజుల యాంటీబయాటిక్ కోసం పెట్టిన గొట్టం పదేళ్ల డయాలసిస్ దారిని మూసేస్తుందన్నమాట. అందుకే మూడో దశకు, ఆపై దశలకు చేరిన కిడ్నీ రోగులకు, కిడ్నీ వైద్యులను అడగకుండా పిక్ లైన్ పెట్టవద్దని అమెరికా నెఫ్రాలజీ సంఘం 2012లోనే హెచ్చరించింది. తప్పనిసరైతే మెడ దగ్గర చర్మం కింద సొరంగంలా పోనిచ్చే సన్నని గొట్టం వాడాలి. మామూలు సెలైన్‌కు అరచేతి వెనక సిరలు వాడాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి చోట్ల నుంచి వచ్చే రోగుల విషయంలో ఇది పుస్తకాల మాట కాదు. అక్కడ కిడ్నీ జబ్బు ఇంటింటి సమస్య. జ్వరమనో పుండనో ఆసుపత్రికి వచ్చినవాళ్లకు లైన్ పెట్టేముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూడడం తప్పనిసరి కావాలి.

పిక్ లైనే కావాలని తేలాక వచ్చే ప్రశ్న, ఏ సిర అన్నది. ఒకప్పుడు మోచేతి మడతలో చేతితో తడిమి, కంటికి కనబడిన సిరలోకి గుచ్చేవారు. మోచెయ్యి వంచినప్పుడల్లా గొట్టం నలిగేది, సిర ఒరుసుకుని వాచేది. అల్ట్రాసౌండ్ వచ్చాక పద్ధతి మారింది. దండచేతిపై జెల్లు రాసి ప్రోబ్ ఆనిస్తే తెరమీద నల్లని గుండ్రని మచ్చలు కనిపిస్తాయి. ప్రోబ్‌ను కాస్త నొక్కితే సిర చప్పగా అణిగిపోతుంది. ధమని అణగదు, కొట్టుకుంటూనే ఉంటుంది. నొక్కినా అణగని సిర కనబడితే దానిలో ఇప్పటికే గడ్డ ఉందేమోనని అనుమానించాలి, దాన్ని వదిలేయాలి. అణిగే సిరల్లో బాసిలిక్ సిర మొదటి ఎంపిక. అది లావుగా ఉంటుంది, దాదాపు తిన్నగా పైకి పోతుంది, ధమనికీ పెద్ద నరానికీ దూరంగా ఉంటుంది. బ్రేకియల్ సిరలు ధమనికి ఆనుకుని ఉంటాయి, మీడియన్ నరం పక్కనే పోతుంది, కాబట్టి జాగ్రత్త ఎక్కువ కావాలి. సెఫాలిక్ సిర సన్నం, పైగా భుజం దగ్గర మలుపు తిరుగుతుంది. అది చివరి ఎంపిక.

సిర ఎంత లావుందో ఆ తెరమీదే కొలవవచ్చు. గొట్టం వెడల్పు సిర వెడల్పులో 45 శాతానికి మించకూడదన్నది ఇప్పుడు అంతటా పాటించే నియమం. పంట కాలువలో గుంజ పాతితే దాని చుట్టూ నీరు మందగించి నాచు పేరుకున్నట్టే, సిరను నింపేసిన గొట్టం చుట్టూ రక్తం నెమ్మదించి గడ్డ మొదలవుతుంది. గొట్టాల లావును ఫ్రెంచ్ అనే కొలతలో చెబుతారు. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. నాలుగు ఫ్రెంచ్ గొట్టం లావు ఒకటింబావు మిల్లీమీటరు పైచిలుకు కాబట్టి కనీసం 3 మిల్లీమీటర్ల సిర కావాలి. ఐదు ఫ్రెంచ్‌కు దాదాపు 4 కావాలి. ఈ కొలత సిర మామూలుగా ఉన్నప్పుడు తీయాలి. పట్టీ బిగించి కొలిస్తే సిర ఉబ్బి, ఉన్నదానికంటే లావుగా కనబడుతుంది, లెక్క తప్పుతుంది. కుదిరిన సిర సన్నదైతే గొట్టం సన్నది పెట్టాలి, లేదా రెండో చెయ్యి చూడాలి.

గుచ్చే చోటు కూడా ముఖ్యమే. అమెరికా నర్సు రాబర్ట్ డాసన్ 2011లో దండచేతిని మూడు భాగాలు చేసి చూపించాడు. మోచేతి పక్కనున్న భాగం కదలిక వల్ల పనికిరాదు. చంక దగ్గరి భాగంలో చెమట, తేమ, సూక్ష్మజీవులు ఎక్కువ. నడిమి భాగమే మేలు. మన కోస్తా జిల్లాల ఎండాకాలంలో చంక దగ్గర వేసిన డ్రెస్సింగు ఎన్ని గంటలు నిలుస్తుందో తెలిసినవాళ్లకు ఈ విభజనను వేరే వివరించనక్కర్లేదు. ఒక్కోసారి మంచి సిర చంక దగ్గరే దొరుకుతుంది. అప్పుడు అక్కడే సిరలోకి గుచ్చి, గొట్టాన్ని చర్మం కింద సొరంగంలా కిందికి తెచ్చి నడిమి భాగంలో బయటికి తీస్తారు.

కొన సరైన చోట ఉండడం గడ్డలను ఆపడంలో చాలా ముఖ్యం. కొన పొట్టిగా, బృహత్సిర పై భాగంలోనే ఆగిపోతే అది సిర గోడను ఒరుసుకుంటుంది, అక్కడ గడ్డకడుతుంది. మరీ లోతుకు పోయి గుండెలోకి దిగితే గుండె లయ తప్పవచ్చు. ఎక్స్‌రే తీసి చూడడం పాత పద్ధతి. ఇప్పుడు చాలాచోట్ల ఈసీజీతో చూస్తున్నారు. గొట్టంలోని ద్రవాన్నో లోపలి తీగనో ఎలక్ట్రోడుగా వాడతారు. కొన గుండెకు దగ్గరవుతున్న కొద్దీ ఈసీజీ గీతలో పి అలలు పెరుగుతూ పోతాయి. బృహత్సిర కర్ణికలో కలిసే చోట అవి అన్నిటికంటే ఎత్తుగా లేస్తాయి. ఇంకొంచెం ముందుకు పోతే అల మొదట్లో కిందికి ఒక చిన్న వంపు కనబడుతుంది. అక్కడ ఆగి, కొంచెం వెనక్కి లాగితే సరిపోతుంది. పని జరుగుతుండగానే తప్పు తెలిసిపోతుంది, సరిదిద్దుకోవచ్చు, రోగికి రేడియేషన్ తగలదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ జబ్బు ఉన్నవాళ్లలో పి అల ఉండదు కాబట్టి వాళ్లకు ఎక్స్‌రే తప్పదు.

ఇక శుభ్రత. పెట్టేటప్పుడు సూక్ష్మజీవులను ఆపడం ఎలాగో 2006లోనే స్పష్టమైంది. అదీ మిచిగన్‌లోనే. పీటర్ ప్రొనొవోస్ట్ నాయకత్వంలో ఆ రాష్ట్రపు ఐసీయూలు అన్ని రకాల సెంట్రల్ లైన్లకూ ఐదు పనులు తప్పనిసరి చేశాయి: చేతులు కడగడం, ఒళ్లంతా కప్పే శుభ్రమైన గుడ్డలు, టోపీ, మాస్కు, గౌను, గ్లౌజులు వాడడం, చర్మాన్ని క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, గజ్జ దగ్గరి సిర మానుకోవడం, అవసరం తీరిన లైన్ తీసేయడం. ఏ ఒక్కటి తప్పినా పనిని ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. పద్దెనిమిది నెలల్లో ఇన్ఫెక్షన్లు మూడింట రెండు వంతుల దాకా తగ్గాయి. ఈ ఐదింటిలో వైద్యులకు తెలియనిది ఒక్కటీ లేదు. తెలిసినవాటిని ప్రతిసారీ, ప్రతి రోగికీ, రాత్రి రెండు గంటలకు కూడా చేయడమే తేడా. పెద్ద డాక్టరును నర్సు ఆపగలగడం అన్నింటికంటే కష్టమైన భాగం. మన ఆసుపత్రుల్లో అది ఇంకా కష్టం.

లైన్ పెట్టిన మొదటి వారం, పదిరోజుల్లో సూక్ష్మజీవులు ఎక్కువగా చర్మం మీది నుంచి గొట్టం వెలుపలి వైపు పాకుతూ లోపలికి పోతాయి. ఆ తర్వాత వచ్చేవి ఎక్కువగా మూతలోంచి, గొట్టం లోపలి దారిలో వస్తాయి. లోపల చేరాక గొట్టం గోడకు జిగురు పొర కట్టుకుని దానిలో దాక్కుంటాయి, అక్కడ యాంటీబయాటిక్ అంత తేలిగ్గా పనిచేయదు. కాబట్టి మొదటి రోజుల్లో చర్మం మీదా, తర్వాత మూత మీదా కన్నుండాలి.

డ్రెస్సింగు మార్పు చూడడానికి చిన్న పని, చేయడానికి ఓపిక కావాలి. పారదర్శకమైన అంటుకునే డ్రెస్సింగును ఏడు రోజులకొకసారి, గాజుగుడ్డ అయితే రెండు రోజులకొకసారి మార్చాలి. తడిసినా, అంచు లేచినా, కింద రక్తం చేరినా గడువు చూడకుండా వెంటనే మార్చాలి. పాతదాన్ని తీసేటప్పుడు గుచ్చిన చోటి వైపుకు, చర్మానికి దగ్గరగా, నెమ్మదిగా ఒలవాలి. ఎదురుగా పీకితే గొట్టం కూడా దాంతో పాటే వస్తుంది. ఆల్కహాల్ కలిసిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో ముందుకూ వెనక్కూ అరనిమిషం రుద్దాలి. ఆ తర్వాత అది పూర్తిగా ఆరే దాకా ఆగాలి. ఊదకూడదు, గుడ్డతో అద్దకూడదు. చాలామంది తప్పేది ఇక్కడే. తడి మీదే డ్రెస్సింగు వేస్తే క్రిములు పూర్తిగా చావవు, పైగా చర్మం నాని ఎర్రబడుతుంది. ఆ ఎర్రదనాన్ని ఇన్ఫెక్షన్ అనుకుని మంచి లైన్‌ను తీసిపారేసిన సందర్భాలకు కొదవ లేదు.

గొట్టం చర్మం దగ్గర కదులుతూ ఉంటే క్రిములూ లోపలికి జరుగుతాయి, కొన కూడా స్థానం తప్పుతుంది. కుట్టు వేసి కట్టడం పాత పద్ధతి. ఆ కుట్టే మరో పుండు. ఇప్పుడు చర్మానికి అంటుకునే పట్టు పరికరాలు, చర్మం కింద ఇమిడిపోయే చిన్న కొక్కేలు ఉన్నాయి. గుచ్చిన చోట కణజాలపు జిగురు ఒక చుక్క వేస్తే రక్తం కారడం ఆగుతుంది, కదలికా తగ్గుతుంది. ప్రతి డ్రెస్సింగులోనూ బయట కనబడే గొట్టం పొడవు కొలిచి రాయాలి. నిన్నటికంటే పెరిగితే కొన వెనక్కి వచ్చిందని అర్థం. బయటికి వచ్చిన గొట్టాన్ని మళ్లీ లోపలికి తోయకూడదు.

మూత విషయంలో నియమం ఒక్కటే. సిరంజి తగిలించే ప్రతిసారీ ముందు ఆల్కహాల్ గుడ్డతో గట్టిగా రుద్దాలి, ఆరనివ్వాలి. ఒక్కసారి అలా తాకించి వదిలేస్తే రుద్దినట్టు కాదు. ఐదు నుంచి పదిహేను సెకన్లు పడుతుంది. హడావిడి వార్డులో ఆ పది సెకన్లే మొదట కోతకు గురవుతాయి.

గొట్టం మూసుకుపోకుండా చూసేది ఫ్లషింగ్. మందుకు ముందూ తర్వాతా, రక్తం తీశాకా సెలైన్ పంపి కడగాలి. మందు నడవని రోజుల్లో కూడా కనీసం వారానికొకసారి కడగడం తప్పదు. దీనికి 10 మిల్లీలీటర్ల సిరంజే వాడాలి. చిన్న సిరంజి తేలిగ్గా తోసినట్టు అనిపించినా, దానిలో పుట్టే ఒత్తిడి చాలా ఎక్కువ. మూసుకున్న గొట్టం పగలవచ్చు. ఒకే బిగిన తోయకుండా కొంచెం తోసి, ఆగి, మళ్లీ తోయాలి. ఆ కుదుపులకు లోపలి గోడకు అంటుకున్న రక్తం, మందు వదిలిపోతాయి. చివర్లో సిరంజిని పూర్తిగా ఖాళీ చేయకుండా, ఇంకా తోస్తుండగానే క్లాంపు వేస్తే రక్తం వెనక్కి రాదు. మూతను బట్టి ఈ వరుస మారవచ్చు కాబట్టి తయారీదారు సూచన చూసుకోవాలి. అడ్డం వస్తే బలం పెట్టకూడదు. ముందు గొట్టం ఎక్కడైనా మెలిక పడిందా, క్లాంపు వేసి ఉందా చూడాలి, రోగిని చెయ్యి ఎత్తమనాలి, దగ్గమనాలి. నిజంగా గడ్డే అడ్డమైతే ఆల్టెప్లేజ్ అనే గడ్డకరిగించే మందును 2 మిల్లీగ్రాములు గొట్టంలో నింపి అరగంట నుంచి రెండు గంటలు ఉంచితే చాలాసార్లు దారి తెరుచుకుంటుంది. మందుల మధ్య చర్య జరిగి తెల్లని పొడి పేరుకుంటే మాత్రం ఇది పనిచేయదు. ఒకదానికొకటి పడని మందులను ఒకే దారిలో పంపకపోవడమే అక్కడ మందు.

ఇంత శ్రమ ఎందుకు, క్రిములను చంపే పూత పూసిన గొట్టం కొంటే సరిపోదా అనే ఆలోచన సహజం. దానికి ఆస్ట్రేలియా పరిశోధకులు చక్కని జవాబు ఇచ్చారు. క్వీన్స్‌లాండ్‌లోని మూడు ఆసుపత్రుల్లో 1098 మంది పిల్లలూ పెద్దలూ పాల్గొన్న ప్రయోగ ఫలితాలు 2025 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. రక్తం అంటుకోని కొత్త రకం గొట్టం, క్లోర్‌హెక్సిడిన్ కలిపిన గొట్టం, మామూలు పాలియురేథేన్ గొట్టం ఈ మూడింటినీ పోల్చారు. పనిచేయక తీసేయవలసి వచ్చినవి కొత్త రకంలో నూటికి 5.9, మామూలుదానిలో 6.1. అంటే తేడా లేదు. క్లోర్‌హెక్సిడిన్ గొట్టంలో 9.9, మొత్తం చిక్కులు కూడా దానిలోనే ఎక్కువ. ఖరీదైన గొట్టం ఓడిపోయిందనడం కంటే, పెట్టే చేతులూ చూసుకునే చేతులూ బాగుంటే మామూలు గొట్టం బాగానే పనిచేస్తుందని తేలిందనడం న్యాయం.

జాగ్రత్తలన్నీ తీసుకున్నా కొందరికి గడ్డ కట్టనే కడుతుంది. క్యాన్సర్ ఉన్నవాళ్లలో, ఇంతకుముందు గడ్డలు వచ్చినవాళ్లలో ఈ అవకాశం ఎక్కువ. చెయ్యి వాచడం, బరువెక్కడం, భుజం, మెడ నొప్పి, ఛాతీ పైన కొత్తగా సిరలు తేలడం దీని గుర్తులు. వెంటనే లైన్ పీకేయాలనే తొందర ఇక్కడ చెరుపు చేస్తుంది. లైన్ పనిచేస్తూ, కొన సరైన చోట ఉండి, చికిత్సకు ఇంకా కావలసి ఉంటే దాన్ని అలాగే ఉంచి, గడ్డకు మందు మొదలుపెడతారు. కనీసం మూడు నెలలు వాడాలి. తీసేసి రెండో చేతిలో పెడితే ఆ చేతిలోనూ గడ్డ కట్టవచ్చు, రెండు చేతులూ పోతాయి. లైన్ ఉన్న చేతిని కదపకుండా దాచుకుని కూర్చోవడమూ మంచిది కాదు. పిడికిలి బిగించి వదలడం, మెత్తని బంతి నొక్కడం వంటి తేలికపాటి కదలిక రక్తాన్ని పారిస్తుంది.

జ్వరం వచ్చినంత మాత్రాన కూడా లైన్ తీసేయకూడదు. రోగికి జ్వరం రావడానికి కారణాలు సవాలక్ష. గొట్టంలోంచి ఒకటి, రెండో చేతి సిరలోంచి ఒకటి, రెండు చోట్లా ఒకేసారి రక్తం తీసి కల్చరుకు పంపాలి. గొట్టంలోని రక్తంలో క్రిములు చేతి రక్తంలో కంటే రెండు గంటలు, లేదా ఇంకా ముందే పెరిగితే తప్పు గొట్టానిదే. లైన్ కడిగిన అరగంటలో చలి, వణుకు, జ్వరం రావడం మరో గట్టి ఆనవాలు. స్టెఫిలోకాకస్ ఆరియస్, కాండిడా వంటివి దొరికితే గొట్టం తీయక తప్పదు.

మన రాష్ట్రాల్లో ఈ జాగ్రత్తలు ఆసుపత్రి గోడలు దాటి ఇళ్లకు చేరవలసి ఉంటుంది. హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో కీమో తీసుకుని, మూడు వారాల విరామానికి పల్లెకు వెళ్లే రోగి చేతిలో లైన్ అలాగే ఉంటుంది. వారానికోసారి డ్రెస్సింగు, ఫ్లషింగు దగ్గరి పట్టణంలో ఎవరో చేయాలి. వాళ్లకు అలవాటుందో లేదో ముందే కనుక్కుని పంపడం ఆసుపత్రి బాధ్యత. ఆ చేతికి బీపీ పట్టీ కట్టించుకోకూడదు. స్నానానికి ముందు ప్లాస్టిక్ తొడుగు వేసి అంచులు మూయాలి; చెరువులో, కాలువలో మునగడం కుదరదు. డ్రెస్సింగు దగ్గర కత్తెర వాడకూడదు. గొట్టం బయట తెగితే, తెగిన చోటికీ ఒంటికీ మధ్య వెంటనే మడిచి నొక్కిపట్టి ఆసుపత్రికి పోవాలి.

నెలల తరబడి కీమో సాగుతుందని ముందే తెలిసినప్పుడు పోర్ట్ గురించి కూడా అడగాలి. అది చర్మం కింద పూర్తిగా దాగి ఉండే పరికరం. బ్రిటన్‌లో వెయ్యి మందికి పైగా క్యాన్సర్ రోగుల మీద జరిగి 2021లో లాన్సెట్‌లో వచ్చిన ప్రయోగంలో పోర్ట్ ఉన్నవాళ్లలో చిక్కులు నూటికి 32, పిక్ ఉన్నవాళ్లలో 47. పోర్టుకు చిన్న ఆపరేషనూ, ఎక్కువ ఖర్చూ ఉన్నాయి. కొద్ది వారాలకైతే పిక్ చాలు. ఆరు నెలలకైతే పోర్ట్ వైపే మొగ్గాలి.

అన్నిటికీ చివర తీసేయడం. ఈ లైన్ ఇవాళ కూడా కావాలా అని రోజూ రౌండ్లలో అడగాలి. నోటితో మాత్ర మింగగలిగిన రోగికి సిర మందు ఆపేసి, ఆ రోజే లైన్ తీసేయవచ్చు. తీసేటప్పుడు రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి, ఊపిరి బిగబట్టమనాలి, నెమ్మదిగా లాగాలి. అడ్డం తగిలితే బలవంతం చేయకుండా ఆగి, వెచ్చని కాపడం పెట్టి మళ్లీ ప్రయత్నించాలి. బయటికి వచ్చాక రక్తం ఆగేదాకా నొక్కిపట్టి, గాలి చొరబడని డ్రెస్సింగు వేయాలి. లేకపోతే ఆ రంధ్రంలోంచి సిరలోకి గాలి పోవచ్చు. ఆ తర్వాత గొట్టాన్ని కొలత టేపు పక్కన చాచి కొలిచి, పెట్టిన రోజు రాసిన పొడవుతో సరిచూడాలి. ఒక్క సెంటీమీటరు తగ్గినా మిగిలిన ముక్క లోపల ఉందన్నమాట. రోగిని కదలనివ్వకుండా అప్పటికప్పుడు ఎక్స్‌రే తీయించాలి.